గ్నూల పుష్కర డ్యూటీ

ఆఫ్రికాలోని లుంబాసా దేశంలో గ్నూ అనే జంతువు ఉంది. ముందు నుంచి చూస్తే దున్న, వెనక నుంచి చూస్తే గుర్రం, కింద నుంచి చూస్తే గడ్డం పెంచిన మేక. దేవుడు రోజంతా పనిచేసి, మిగిలిపోయిన సరుకంతా కలిపి సాయంకాలం పూట దీన్ని చేసి ఉంటాడు. వాన ఎటు పడితే అటు, పచ్చిక ఎటు మొలిస్తే అటు ఇవి లక్షలాదిగా నడుస్తుంటాయి. వాటి వెంట చారల గుర్రాలు, వాటి వెంట సింహాలు, సింహాల వెంట ఫొటోలు తీసే జనం. దారిలో కిరూమి నది అడ్డం వస్తుంది. అందులో మొసళ్ళుంటాయని గ్నూలకు తెలుసు. అయినా దూకుతాయి. ఆ దూకుడు చూడ్డానికి ప్రపంచం నలుమూలల నుంచీ టోపీలు పెట్టుకుని మనుషులొస్తారు.

వేల ఏళ్ళుగా ఇది సవ్యంగానే జరుగుతోంది. సవ్యంగా జరిగే పని ప్రభుత్వం కంట పడకుండా ఎన్నాళ్ళుంటుంది?

ఒక ఏడాది గ్నూలు టికెట్టు మీద అచ్చువేసిన తేదీన నది దాటలేదు. అంతకు ముందు వారమే దాటేశాయి. టోపీల వాళ్ళు గోల చేశారు. లుంబాసా గడ్డి మంత్రిత్వ శాఖ అత్యవసర సమావేశం పెట్టి, తప్పు గ్నూలదేనని ఏకగ్రీవంగా తేల్చింది. వాటికి క్రమశిక్షణ లేదు, టైం టేబుల్ లేదు, పర్యవేక్షించే నాథుడు లేడు. లక్షలాది ప్రాణుల్ని ఏటి ఒడ్డుకు చేర్చి, నీళ్ళలో దింపి, తిరిగి ఎవరి దారిన వాళ్ళను పంపిన అనుభవం భూమ్మీద ఎవరికుందా అని వెతగ్గా వెతగ్గా మన దగ్గర ఒక బస్సుల సంస్థ దొరికింది. పుష్కరాలకు స్పెషల్ బస్సులు తిప్పిన సంస్థ.

సంస్థ కార్యనిర్వాహక సంచాలకులు ఘంటా విశ్వేశ్వరం గారు ఉత్తరం చదివి పొంగిపోయారు. "జనసమూహం, జలసమీపం, రద్దీ నియంత్రణ. సూత్రప్రాయంగా గ్నూకీ భక్తుడికీ తేడా లేదు" అన్నారు. భక్తుడు సూటుకేసు తెచ్చుకుంటాడు, గ్నూ తెచ్చుకోదు, కాబట్టి పని ఇంకా సులువని కూడా అన్నారు. అంతా తలలూపారు. కానీ ఆఫ్రికా వెళ్ళమనేసరికి సీనియర్లందరికీ ఒకేసారి నడుం పట్టేసింది, డాక్టరు సర్టిఫికెట్లు వరసకట్టాయి. సర్టిఫికెట్టు తెచ్చుకోవడం తెలియనివాడు ఒక్కడే మిగిలాడు. ఆయనే కోనసీమ డిపోలో కంట్రోలరు యాళ్ళ వీర్రాజు.

వీర్రాజు పుష్కరాల పన్నెండు రోజులూ నోట్లో ఈల, చేతిలో మైకు పట్టుకుని బస్టాండులో నిలబడ్డవాడు. తప్పిపోయిన ముసలమ్మల్ని ఇళ్ళకు చేర్చినవాడు. ఆర్డరు చేతికొచ్చాక ఇంటికెళ్ళి భార్య మంగతాయారుకు చూపించాడు. ఆమెకు అప్పుడు మూడో నెల.

"మూడు నెలల పనంటండీ బాబూ. దసరాకల్లా వచ్చి వాల్తాను" అన్నాడు.

"ఆ ముక్క ఇందులో రాశారా?"

"'వలస పూర్తయిన వెంటనే విధుల నుంచి విడుదల చేయబడును' అని రాశారు."

"ఆ వలస ఎప్పుడు పూర్తవుద్దంట?"

వీర్రాజు ఆ సంగతి అడగలేదు. ఆర్డరిచ్చిన వాళ్ళకూ తెలియదని అప్పటికింకా ఆయనకు తెలియదు.

"నాకు తెలవదండి. పురిటికి మీరు పక్కనుండాలంతే. రాకపోయారో, పిల్లాడికి మా అన్నయ్య పేరు పెట్టేస్తాను. తర్వాత మీరు ఎగిరినా లాభం లేదు" అంది మంగతాయారు.

ఆమె అన్నయ్య చిట్టిబాబు సామాన్యుడు కాడు. వీర్రాజు కొత్త మోటారు సైకిలు అరువడిగి పట్టుకెళ్ళి, కాలవలో వదిలి, హ్యాండిలు మాత్రం జాగ్రత్తగా తెచ్చి ఇచ్చినవాడు. చెల్లెలి మాట చెవిన పడగానే బజారుకెళ్ళి వెండి పాలగిన్నె కొని, దాని మీద 'చిట్టిబాబు' అని చెక్కించుకొచ్చాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. ఇక్కడ ఆలూ ఉంది, చూలూ ఉంది, సోమలింగం గిన్నె కూడా బీరువాలోకి చేరింది. ఆ గిన్నె తలుచుకుంటేనే వీర్రాజుకు కడుపు మండేది.

ఆ మంటతో, సంచిలో మంగతాయారు సర్దిన కొబ్బరికాయలతో ఆయన లుంబాసాలో దిగాడు.

అక్కడ ఆయనకు పై అధికారి శ్రీమతి అమోండి, గడ్డి మంత్రిత్వ శాఖ సంయుక్త కార్యదర్శి. నిండైన మనిషి, నిండైన కళ్ళద్దాలు. ఆమె మాట్లాడే ఇంగ్లీషు మన సచివాలయం ఇంగ్లీషుకి మేనత్త కూతురు. అందువల్ల వీర్రాజుకు ఎక్కడా అడ్డం పడలేదు. దేశాలు వేరైనా ఫైళ్ళను కన్నతల్లి ఒకతే కదా.

"మిస్టర్ వీర్రాజ్, తమరు ముందుగా కాలపట్టిక సమర్పించవలసి ఉంటుంది" అందావిడ.

వీర్రాజు సంస్థ ఫారం తీశాడు. మొదటి గడి, బయల్దేరు చోటు. రెండో గడి, చేరు చోటు. "ఎక్కడ మొదలెడతాయండి ఇవి?" అని అడిగాడు.

గదిలో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరో గోడమీది పటం చూపించారు. గ్నూల దారి అందులో గుండ్రంగా ఉంది. దక్షిణం నుంచి ఉత్తరానికి, ఉత్తరం నుంచి మళ్ళీ దక్షిణానికి, ఏడాదికో చుట్టు. మొదలూ లేదు, చివరా లేదు.

"ఫైల్లో గుండ్రం పట్టదు. దానికి అధికారిక ప్రారంభ స్థానం మనమే మంజూరు చేయాలి" అంది అమోండి.

కమిటీ వేశారు. కమిటీ మైదానమంతా తిరిగి, దక్షిణాన మంత్రిగారి కారు వెనక్కి తిప్పుకోవడానికి వీలున్న ఒక చోటు చూసి, అదే వలసకు మొదలు అని నిర్ణయించింది. అక్కడ రాయి పాతారు. దానిమీద 'వలస ప్రారంభ స్థానం' అని చెక్కించారు. వీర్రాజు కోనసీమ కొబ్బరికాయ కొట్టాడు. ఆ సమయానికి ఆ చుట్టుపక్కల ఒక్క గ్నూ లేదు, అన్నీ ఉత్తరాదికి పోయాయి. ప్రారంభోత్సవానికి ప్రయాణికులతో పనిలేదని మన వాళ్ళకు తెలిసిన విషయమే కాబట్టి వీర్రాజు ఆశ్చర్యపోలేదు.

తర్వాత నది ఒడ్డున పని మొదలైంది. వరసలో నడవడానికి గెడలు కట్టారు. ప్లాట్‌ఫారాల నంబర్లు వేశారు. 'తోసుకొనరాదు', 'పిల్లలను వెంట ఉంచుకొనుము' అని బోర్డులు పెట్టారు. ముఖ్య అతిథి ఉన్నంతసేపు ప్రయాణికులను భక్షించరాదని జలవనరుల శాఖ మొసళ్ళకు వేరుగా ఒక సర్క్యులర్ జారీ చేసింది. నకలు అందినట్టు సంతకం కోసం ఒక గుమాస్తాను ఒడ్డుకు పంపారు. ఆ గుమాస్తా తెలివైనవాడు, మొసళ్ళు సంతకానికి నిరాకరించాయని దూరం నుంచే రాసుకొచ్చాడు.

ఆగస్టులో దాటుడు ప్రారంభోత్సవం పెట్టారు. ముహూర్తం ఉదయం పది. ముఖ్య అతిథి లుంబాసా గడ్డి మంత్రిగారు. మన విశ్వేశ్వరం గారు సైతం విమానంలో వచ్చి, శాలువా కప్పించుకుని వేదిక మీద కూర్చున్నారు.

సరిగ్గా పదికి గ్నూలు వచ్చాయి. చరిత్రలో మొదటిసారి అవి వేళకు వచ్చాయి. మంత్రిగారు రాలేదు.

"ఆపండి వాటిని! ముఖ్య అతిథి విచ్చేయకుండా కార్యక్రమం ఎలా ప్రారంభిస్తాం?" అన్నారు విశ్వేశ్వరం గారు.

వీర్రాజు గట్టిగా ఈల ఊదాడు. మైకు అందుకుని పుష్కరాల నాటి గొంతుతో, "కిరూమి మీదుగా అవతలి ఒడ్డుకు వెళ్ళు ప్రయాణికులు దయచేసి ఆగవలెను" అన్నాడు. గ్నూలు ఆగాయి. నీళ్ళ దగ్గర తటపటాయించడం వాటి పుట్టు గుణం. మొసలిని తలుచుకుని గంటల తరబడి నిలబడతాయి. వేదిక మీద మాత్రం చప్పట్లు మోగాయి.

"చూశారా, ఇదీ మా సంస్థ శిక్షణ!" అన్నారు విశ్వేశ్వరం గారు.

అతిథుల్ని వేదిక మీదికి ఆహ్వానించడం, ఆహ్వానించిన వాళ్ళను అభినందించడం, అభినందించిన వాళ్ళకు వందన సమర్పణ అన్నీ అయిపోయాయి. మంత్రిగారు ఇంకా దారిలోనే ఉన్నారు. విశ్వేశ్వరం గారు వలస విశిష్టత మీద రెండోసారి మాట్లాడబోతుండగా, ఆ గొంతు భరించలేకనో ఏమో, ఒక ముసలి గ్నూ నీళ్ళలోకి దూకింది. దాని వెనక లక్షా దూకాయి. వీర్రాజు ఈల ఊది ఊది బుగ్గలు వాచబెట్టుకున్నాడు. దున్నపోతు మీద వాన పడితే కనీసం చెవులైనా ఆడిస్తుంది, ఇవి అదీ లేదు. గెడలు విరిగాయి, బోర్డులు కొట్టుకుపోయాయి. 'తోసుకొనరాదు' అన్న బోర్డు ఒక గ్నూ మెడలో పడి దానితోపాటే ఆవలి ఒడ్డుకు చేరింది.

మంత్రిగారు వచ్చేసరికి దుమ్ము, ఖాళీ నది, కడుపు నిండి నిద్రపోతున్న మొసళ్ళు మిగిలాయి.

"ఈ దాటుడును ప్రభుత్వం గుర్తించడం లేదు. ప్రారంభించకుండా జరిగినది జరిగినట్టు కాదు. వాటిని వెనక్కి రప్పించి, సక్రమంగా మళ్ళీ దాటించండి" అన్నారాయన, కారు దిగకుండానే.

వెనక్కి రప్పించమని వీర్రాజుకు మెమో ఇచ్చారు. ఆయన తలపట్టుకుని కూర్చున్నాడు. వారం తిరక్కముందే ఇవతలి ఒడ్డున ఒక జల్లు పడింది, లేత గడ్డి తల ఎత్తింది, గ్నూలు వాటంతట అవే వచ్చేశాయి. ఇంకేం, వీర్రాజు రప్పించాడని దండ వేశారు. మంత్రిగారికి కబురు వెళ్ళింది. ఆయన బయల్దేరేలోపు అవతల జల్లు పడింది, గ్నూలు అటు పోయాయి. దండ వెనక్కి తీసుకున్నారు. ఇలా అవి నాలుగైదుసార్లు ఇటూ అటూ తిరిగాయి. అమోండి కార్యాలయం పోయినవాటిని కూడి, వచ్చినవాటిని తీసేసి, దసరా నాటికి పనిలో ప్రగతి సున్నా అని తేల్చింది.

వీర్రాజు ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అమ్మా, మా ఇంటిదానికి ఏడో నెల దాటుతోందండి. నన్ను వదిలేయండి. మీకు పుణ్యముంటుంది" అన్నాడు.

అమోండి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. చెడ్డమనిషి కాదు. "మిస్టర్ వీర్రాజ్, నాకు మాత్రం మనసు లేదా? ఈ కుర్చీలో నేను తాత్కాలికంగా కూర్చున్నాను. వానలు తగ్గగానే మా ఊరు పంపిస్తామన్నారు. అప్పటికి నా కూతురు బళ్ళో చేరలేదు. ఇప్పుడది బళ్ళో పాఠాలు చెబుతోంది" అంది. మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని, "వలస పూర్తి కావడమనగా గమ్యం చేరడం. అది చేరినట్టు రుజువైతే తక్షణం విడుదల చేస్తాను" అంది.

వీర్రాజు ఆ మాట పట్టుకుని వేలాడాడు. గమ్యం గడిలో 'దక్షిణ మైదానం' అని రాసి సంతకాలు చేయించుకున్నాడు. నవంబరు వానలకు గ్నూలు దక్షిణానికి కదిలితే, ఆయన జీపులో వాటి వెంట కదిలాడు. వాటికన్నా తొందర ఆయనకే ఎక్కువగా ఉంది. ఎక్కడైనా మంద మేతకు ఆగితే జీపు దిగి, "కదలండమ్మా, మీకు దణ్ణం పెడతాను, అక్కడ నాకు పురుడుంది" అని బతిమాలేవాడు.

డిసెంబరు చివరికి మైదానం నల్లబడేంతగా గ్నూలు దక్షిణానికి చేరాయి. కమిటీ పాతిన రాయి చుట్టూ చేరి, 'వలస ప్రారంభ స్థానం' అన్న అక్షరాలకు ఒళ్ళు రుద్దుకున్నాయి. వీర్రాజు ఆనందంతో నివేదిక పంపాడు. ఆడిట్ వారి దగ్గర్నుంచి జవాబొచ్చింది. అమోండి దాన్ని గట్టిగా చదివి వినిపించింది.

"ప్రయాణికులు ప్రారంభ స్థానం వద్ద ఉన్నట్లు తమ నివేదిక వల్లనే స్పష్టమగుచున్నది. బయల్దేరవలసిన చోటనే ఉన్నవి గనుక అవి ఇంతవరకు బయల్దేరలేదని భావించడమైనది. బయల్దేరనివి గమ్యం చేరుట అసంభవం. కావున వలసను ఆలస్యం లేకుండా ప్రారంభించవలెను."

"అంటే మళ్ళీ మొదటి నుంచాండీ?" అన్నాడు వీర్రాజు.

"మొదలు ఉండాలని అడిగింది మీరే కదా" అంది అమోండి, నిజంగా బాధపడుతూనే.

ఆ సాయంత్రం మంగతాయారు ఫోను చేసింది. "డాక్టరమ్మ ఈ వారంలోనే అందండి. అన్నయ్య గిన్నె తీసి చింతపండుతో తోముతున్నాడు. మీరొస్తారా రారా, అదొక్కటే చెప్పండి" అంది. ఎప్పుడూ దెబ్బలాడే మనిషి గొంతులో ఏడుపు వినబడింది.

వీర్రాజు ఫోను పెట్టేసి రాయి మీద కూలబడ్డాడు. ఎదురుగా తొందరపడ్డ ఒక గ్నూ తల్లి అప్పుడే ఈనింది. దూడ తడి కాళ్ళ మీద లేవబోయి పడింది, మళ్ళీ లేచింది, రెండడుగులు తూలి, తల్లి పొట్టకు ఆనుకుని నిలబడింది. వీర్రాజు చూస్తూ చూస్తూ భోరుమని ఏడ్చాడు. "ఏమర్రా, మీకు రిలీవింగ్ ఆర్డరు ఎవడిచ్చాడర్రా? ఏ ఆడిటుకి చెప్పి వచ్చారు? నాకు లేని బుద్ధి మీ దూడకుంది కదర్రా!" అని గ్నూలను తిట్టాడు. అవి గడ్డి మేస్తూ విన్నాయి.

మర్నాడు పొద్దున్నే ఈల మైకు మీద పెట్టి, మైకు రాయి మీద పెట్టి, విమానాశ్రయం వైపు పోయే ఉల్లిపాయల లారీ ఎక్కేశాడు. ఎవరికీ చెప్పలేదు. దారిలో అమోండి కారు ఎదురైంది. ఆమె ఆయన్ని చూసింది. చూసి, తలతిప్పుకుని పక్కనున్న పచ్చికను చాలా శ్రద్ధగా పరిశీలించింది. ఆమె ఉద్యోగ జీవితంలో చేసిన మంచి పని అదొక్కటేనేమో, అదైనా ఏ ఫైల్లోకీ ఎక్కలేదు.

కాన్పు గది తలుపు మూసేలోపు వీర్రాజు అమలాపురం ఆసుపత్రి వసారాలో ఉన్నాడు. ఒంటి నిండా ఎర్ర దుమ్ము, ఉల్లిపాయల వాసన. "వచ్చారా? ఆ కంపేంటండీ బాబూ" అని మంగతాయారు లోపలికి వెళ్ళింది. తెల్లవారేసరికి మగపిల్లాడు పుట్టాడు.

బారసాల నాటికి వీర్రాజు ఉద్యోగం ఊడుతుందని లెక్కేసుకునే ఉన్నాడు. చెప్పకుండా వచ్చేసినందుకు సస్పెన్షనో, అంతకన్నా పెద్దదో. ఇల్లంతా చుట్టాలు. పళ్ళెంలో బియ్యం పోశారు. వీర్రాజు పేరు రాయడానికి ఉంగరం వేలితో బియ్యాన్ని తాకాడో లేదో ఫోను మోగింది. విశ్వేశ్వరం గారు.

"వీర్రాజూ, తమరెక్కడున్నారు?"

"ఇంటి దగ్గరండి." దాచి లాభం లేదనుకున్నాడు.

"అదే సమస్య. తమ కేసు కూలంకషంగా పరిశీలించాం. తమరు బయల్దేరు చోటు, స్వగృహం. ప్రస్తుతం ఉన్న చోటు, స్వగృహం. గ్నూల విషయంలో ఆడిట్ వారు నెలకొల్పిన సూత్రం ప్రకారం తమరింకా బయల్దేరలేదు. బయల్దేరని ఉద్యోగి చెప్పకుండా తిరిగొచ్చాడని చర్య తీసుకోవడానికి వీల్లేదు. కాబట్టి తమ మీద చర్య లేదు."

వీర్రాజుకు ప్రాణం లేచొచ్చింది. "చాలా సంతోషమండి" అన్నాడు.

"అయితే ఉత్తర్వు ఇంకా అమల్లోనే ఉంది. ఆరు నెలల జాప్యం జరిగింది. తమరు ఎప్పుడు బయల్దేరుతున్నారు?"

లేచొచ్చిన ప్రాణం ఉన్నపళంగా చతికిలబడింది. ఫోనులోంచి మాట పక్కన కూర్చున్న మంగతాయారుకు వినబడుతూనే ఉంది. ఒళ్ళో పిల్లాణ్ణి ఓ చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఫోను లాక్కుంది.

"నమస్కారమండి. నేను వారి ఇంటిదాన్నండి. ఆయన ఇంట్లో లేరండి."

"అదేమిటమ్మా! ఇప్పుడే మాట్లాడారు."

"ఎలా మాట్లాడతారండీ? జూన్‌లో మీరే కదా ఆఫ్రికా పంపారు. వలస పూర్తయ్యాకే వదుల్తామని కాయితం కూడా ఇచ్చారు. పూర్తయ్యిందాండీ?"

అవతల కాయితాలు తిరగేసిన చప్పుడైంది. "పూర్తి... కాలేదు."

"మరి పూర్తవకుండా ఎలా వస్తారండీ? మీ సంతకమే కదండీ ఆ కాయితం మీద? మీ మాట మీరే కాదంటే మాలాంటోళ్ళం ఎవరి మాట నమ్మాలండీ?"

చివరికి, "పరిశీలిస్తాం" అన్నారు విశ్వేశ్వరం గారు.

"నిదానంగా పరిశీలించండి. మాకేం తొందర లేదండి" అని మంగతాయారు ఫోను పెట్టేసి, మొగుడి వైపు తిరిగింది. "ఏంటలా చూస్తారు? ముహూర్తం దాటిపోతోంది, రాయండి" అంది.

చిట్టిబాబు తళతళలాడే గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఓ మూల మొహం ముడుచుకుని కూర్చున్నాడు. "మరి నా గిన్నె ఏం చెయ్యమంటావే?" అన్నాడు చెల్లెలితో.

"ఉంచెయ్యండి బావగారూ. హ్యాండిలు దాచిన చోటే దాస్తాను" అన్నాడు వీర్రాజు.

ప్రభుత్వ లెక్కల్లో లేని ఆ మనిషి, ఎక్కడికీ వెళ్ళనివాడూ ఎక్కణ్ణించీ రానివాడూ అయిన ఆ మనిషి, కొడుకుని ఒళ్ళోకి తీసుకుని బియ్యంలో తను అనుకున్న పేరు రాశాడు.